మేస్త్రమ్మ తన మీద వేసుకున్న బల్లి

ఇందుమూలముగా మా బాగలూరు గులాబీల షెడ్డులోని యావన్మందికీ తెలియజేయడమేమనగా: నేటి నుండి టీలో చక్కెర చాలలేదని ఎవరూ అరవరాదు. వ్యానులో కిటికీ సీటు కోసం కొట్టుకోరాదు. ఒకరి చెప్పులు ఇంకొకరు దాచరాదు. ఈ తగాదాలు తీర్చే మా మేస్త్రమ్మ మొన్న సోమవారం పొద్దున గుండె ఆగి చనిపోయింది.

నేను ఎనిమిదో తరగతి తప్పినవాణ్ని. చదువుకున్నవాళ్లు రాస్తే ఆమెను దేవతను చేసేస్తారన్న భయంతో నేనే రాస్తున్నాను. ఆమె దేవత కాదు. వ్యానెక్కితే నోరు తెరుచుకుని నిద్రపోయేది. ఆ గురక ఉన్నంతసేపు డ్రైవరుకు హారన్ కొట్టే పనే లేదు.

షెడ్డు చూడనివాళ్ల కోసం మా పని చెబుతాను. గులాబీలకు ముళ్లు తీయాలి, కాడ పొడుగును బట్టి వేరుచేయాలి, కట్టలు కట్టి పెట్టెల్లో సర్దాలి. కొత్తవాళ్లను ఏ మేస్త్రీ అయినా బల్ల చివర కూర్చోబెడతాడు. ఈమె మాత్రం బల్ల మొదట్లో, తన పక్కనే కూర్చోబెట్టేది. జవళగిరి నుంచి ఒకామె కొత్తగా చేరినప్పుడు నేను గొణిగాను.

"ఆయమ్మ వల్ల మా పని కూడా ఆగిపోతా ఉండాదక్కా."

"ఆగనీ. నేర్పించేదానికే నీకు రెండు చేతులు ఉండాయి. నోరు ఒకటే ఉండాది, అదే నీకు ఎక్కువైపోయింది" అంది.

ఒకసారి బెంగళూరు నుంచి టై కట్టుకున్నాయన టీమ్ ఎలా నడపాలో పాఠం చెప్పడానికి వచ్చాడు. మా చేత బెలూన్లు ఊదించి, "మీ లీడర్ ఎవరు?" అని అడిగాడు. చుట్టూ చూస్తే ఆమె లేదు. పూలు వాడిపోతాయని లోపల ఒక్కతే మా అందరి కట్టలూ కడుతోంది.

ఇక బల్లి సంగతి. హోసూరు బస్టాండు దగ్గర కొన్న రబ్బరు బల్లి అది. పెట్టెలు సర్దే ఆవిడను ఎగిరిపడేలా చేద్దామని ఒక కట్టలో దాచాను. ఆ రోజు ఆవిడ రాలేదు. నాకు ఆ సంగతి తెలిసేసరికి పెట్టె బెంగళూరు వెళ్లిపోయింది. అక్కడ కొనేవాళ్లు తెరిచి, కేకలు పెట్టి, ఇక మీ పూలే వద్దన్నారు.

మేనేజరు మమ్మల్ని వరసగా నిలబెట్టాడు. "ఎవరు పెట్టినారో చెప్పండి. లేదంటే ఈ బల్ల దగ్గర పని చేసేవాళ్లు మొత్తం రేపట్నుంచి రావద్దు."

నా నోటి సంగతి ఊరంతటికీ తెలుసు. ఆ రోజు అది తెరుచుకోలేదు.

"పెట్టెలు చూసి పంపించేది నేను సార్. చూడకుండా పంపించేసినాను. తప్పు నాది" అని మేస్త్రమ్మ ముందుకు వచ్చింది.

ఆమెను మేస్త్రీ పని నుంచి తీసేసి ముళ్లు తీయడానికి వేశారు. రెండు నెలలు నా ఎదురుగానే కూర్చుంది. వేళ్లు గీసుకుపోతున్నా, ఎవరు చేశారని ఒక్కసారి కూడా అడగలేదు. పని బాగా జరిగితే "మావాళ్లు చేసినారు" అనేది, చెడితే "నేను చేసినాను" అనేది. ఆ రెండు మాటలకు మించి ఏ మేనేజరూ నాకు ఏమీ నేర్పలేదు.

ఆమె అజమాయిషీ లేక పని తలకిందులయ్యాక మళ్లీ మేస్త్రీని చేశారు. మొదటి రోజే నన్ను పిలిచింది.

"ఇంక పెట్టెలు మూసేముందు నువ్వే చూడప్పా."

"నేనెందుకక్కా?"

"యాడ ఏమి దాస్తారో నీకంటే బాగా ఎవురికి తెలుసు?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఆమె వైపు చూడకుండా. ఆ తర్వాత ఒక్క పెట్టె కూడా తిరిగి రాలేదు.

పోయిన నెల ఆమె ఇంటికి వెళ్లి, "అక్కా, ఆ బల్లి నాదే" అన్నాను. "ఇన్నాళ్లు పట్టిందా చెప్పేదానికి? కూచో, కాఫీ తాగు" అని నవ్వింది.

ఈ చివరి సంగతి పూర్తిగా నా కల్పన. నేను వెళ్లలేదు, చెప్పలేదు. రేపు చెబుదాంలే అని రోజూ అనుకున్నాను.

ఈ కాగితాన్ని రేపు షెడ్డు తలుపు మీద అంటిస్తాను. మేనేజరు తెలుగు మాట్లాడతాడు గానీ చదవలేడు. ఆయన పక్కన నిలబడి నేనే చదివి వినిపిస్తాను. బల్లి దగ్గరికి వచ్చినప్పుడు గొంతు తగ్గించను.