పెద్దవీధి మలుపులో మార్క్ టైమ్

1954 జులై 26, సోమవారం, ఉదయం ఆరున్నర. చోడవరం హైస్కూలు మైదానంలో డ్యూటీకి హాజరయ్యాను. చీలమండ దాకా బురద. మిలటరీ ఆసుపత్రుల్లో ఆరేళ్లు నర్సుగా చేసి వచ్చాను కనుక, పంద్రాగస్టు ఊరేగింపుకి ఆడపిల్లల దళాన్ని తయారుచేసే పని నాకు ఒప్పజెప్పారు. గడువు ఇరవై రోజులు.

"ఊరంతా ఒక్కటిగా నడవాల నర్సమ్మా. ఎవుల్ని ఎక్కడ నిలబెడతావో నీ ఇష్టం," అన్నారు ఉత్సవ కమిటీ పెద్ద.

ఆ మాట నమ్మి ఇరవై నాలుగు మందిని ఎంచాను. అందులో పదకొండు మంది, ఊరు అంటరానివాళ్లని దూరం పెట్టిన పేట పిల్లలు. చెరుకు నరికే కూలీల కూతుళ్లు. కుడిఎడమలు తికమకపడుతుంటే అందరి ఎడమకాలికీ చెరుకాకు కట్టించాను. "ఆకు కాలు, వట్టి కాలు" అని అరిచేదాన్ని. నాలుగో రోజుకి అడుగులు కలిశాయి. అందరికంటే తిన్నగా నడిచింది పేట పిల్ల సువార్త. జెండా దానికిచ్చాను.

వానొస్తే వరండాలో ఆగేవాళ్లం.

"మిలట్రీలో కూడా ఆకు కడతారేటండీ?" అందొకరోజు సువార్త.

"అక్కడ బూట్లుంటాయి."

"మా ఆకే నయం. పనయ్యేక మేక తింటాది. బూటు తింటాదేటి?"

పంద్రాగస్టు, ఆదివారం, ఎనిమిదీ పది. పెద్దవీధి మలుపు. కమిటీ పెద్ద ఎదురొచ్చి, సువార్త చేతిలో జెండా తీసి దళంలోనే ఉన్న తన మనవరాలికిచ్చారు.

"పేట ఆడగుంటలు ఈ వీధిలోకి ఒద్దు. ఇక్కడే ఆపీ."

"మాటిచ్చారు కదండీ."

"ఇచ్చేను. ఇప్పుడిలా సెప్తన్నాను. మిలట్రీలో సేసేవు, ఆర్డరంటే తెల్దా?"

తెలుసు. ఆ అలవాటే నా చేత తప్పు చేయించింది. పదకొండు మందినీ పక్కకు తీసి "మార్క్ టైమ్" అన్నాను. అంటే నిలబడ్డచోటే అడుగులు వెయ్యడం. రెండు నిమిషాల్లో ఆయనకి నచ్చజెప్పి వస్తాననుకున్నాను. మిగతా పదమూడు మందితో వీధిలోకి నడిచాను. అరుగుల మీంచి పూలు చల్లారు. ఆయనతో ఆ సంగతి ఎత్తనే లేదు నేను. బళ్లో జెండా ఎగిరింది. ఐకమత్యం మీద ప్రసంగాలయ్యాయి.

తొమ్మిదీ ఇరవైకి మలుపు దగ్గరికి తిరిగొచ్చాను. వాన పడుతోంది. పదకొండు మందీ ఇంకా అడుగులు వేస్తున్నారు. ఆగమని నేను చెప్పలేదు.

"హాల్ట్" అన్నాను. ఒక్క చప్పుడుతో ఆగారు.

"ఎల్లిపోమంటారా అండీ?" అంది సువార్త, నా వైపు చూడకుండా.

వాళ్లు వెళ్లాక అక్కడ ఇరవై రెండు గోతులు మిగిలాయి, నీళ్లు నిండి. ఈనాటికీ అవి నా కళ్ల ముందునుంచి పోలేదు.

పోయినవి: ఇరవై ఉదయాలు. మర్నాటి నుంచి బడి మానేసిన పిల్లలు ఏడుగురు, సువార్తతో కలిపి. నా మాట మీద పేటకున్న నమ్మకం, మొత్తం.