కార్లు లేని ఊళ్ళో అమ్మ

మొన్న ఆదివారం ఇక్కడ కెనడాలో, హామిల్టన్ హార్బర్ ఒడ్డున నడుస్తుంటే ఒక పడవను గట్టుకి కడుతున్నారు. తడిసిన లావుపాటి తాడు ఇనుప దిమ్మ చుట్టూ బిగుసుకుంటూ కిర్రుమంది. ఇంజన్ వెనక్కి తిరిగి నీళ్ళు నురగలెత్తాయి, డీజిల్ వాసన గుప్పుమంది. పక్కన నడుస్తున్న స్నేహితురాలు ఏదో చెబుతూనే ఉంది గాని నాకు వినపడటం మానేసింది. వెనిస్‌లో ఒక నీటి బస్సు రేవుకి చేరుతున్నప్పుడు సరిగ్గా ఇదే చప్పుడు, ఇదే వాసన. ఆ బస్సు అంచున, జనానికి అందరికంటే ముందు, చేతికర్ర పట్టుకుని మా అమ్మ నిలబడి ఉంది. ఆమె పోయి రెండు చలికాలాలు గడిచాయి. ఆమెను ఎరగనివాళ్ళకి ఆమె గురించి చెప్పాలంటే నేను ఆ రేవు దగ్గర్నించే మొదలుపెట్టాలి.

అమ్మ పేరు సుభద్ర. కోనసీమలో ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్తగా పనిచేసింది. ఊళ్ళలో అందరూ నర్సమ్మ అనేవారు. భుజానికి టీకా మందుల ఐసుపెట్టె తగిలించుకుని కాలవలు దాటి, గోదావరి పాయలు దాటి లంక గ్రామాలకి వెళ్ళేది. నాన్న నా చిన్నప్పుడే పోయారు కాబట్టి బడి లేని రోజుల్లో నన్నూ వెంట తీసుకెళ్ళేది. పడవ ఎక్కేటప్పుడు ఎవరైనా చెయ్యి అందిస్తే పెట్టె అందించేది, తను మాత్రం ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కేది. "పెట్టెకి సాయం కావాలి బాబూ, నాక్కాదు" అనేది. పడవవాళ్ళు నవ్వేవారు. వాళ్ళ పిల్లలకి సూదులు పొడిచేది ఆమే గనక ఆ నవ్వులో కాస్త భయం కూడా ఉండేది.

ఒకసారి ఒక సంతలో నేను ఆమె కొంగు వదిలేసి గాజుల దుకాణం దగ్గర ఆగిపోయాను. తలెత్తి చూస్తే అమ్మ లేదు. ఏడుస్తూ ఒక వరసలోంచి ఇంకో వరసలోకి పరిగెత్తాను. ఆమె నన్ను వెతుకుతూ నేనున్న వరసలోకి వచ్చేసరికి నేను మరో వరసలో ఉన్నాను. ఇలా చాలాసేపు తిరిగాక ఎండుచేపల బుట్టల దగ్గర దొరికాను. కొడుతుందనుకున్నాను. చీర చెంగుతో నా మొహం తుడిచి, మోకాళ్ళ మీద కూర్చుని, తన మొహం నా మొహానికి ఎదురుగా పెట్టి చెప్పింది.

"తప్పిపోతే ఉన్నచోటే ఉండు. కదలకు. నేనొస్తా."

"నువ్వు రాకపోతే?"

"వస్తా. వెతికేవాళ్ళు ఒక్కరే ఉండాలే. ఇద్దరం తిరుగుతుంటే ఎప్పటికీ కలుసుకోం."

నేను ఇంటర్‌తో చదువు ఆపేసినదాన్ని. కెనడా వచ్చాక హామిల్టన్‌లో ఒక ఉక్కు గోదాములో ప్యాకింగ్ పనిలో చేరి, ఏ ట్రక్కులో ఎంత బరువు ఏ వరసలో పెట్టాలో నాకు నేనే నేర్చుకున్నాను. ఇప్పుడు ఆ లెక్కలు వేసేది నేనే. నాకు లెక్కలు ఎవరు నేర్పారని అడిగితే ఎవరూ లేరని చెప్పేదాన్ని. కాని ఒక మనిషి నిలబడి ఇంకో మనిషి కదిలితేనే దొరుకుతారన్నది నేను జీవితంలో అర్థం చేసుకున్న మొదటి లెక్క. అది అమ్మదే.

నాకు కూతురు నిత్య పుట్టాక అమ్మ మా దగ్గరికి వచ్చేసింది. హామిల్టన్ కొండ మీద మా టౌన్‌హౌస్‌లో బేస్‌మెంట్ గది ఆమెది. గుడికైనా, డాక్టరు దగ్గరికైనా, కూరగాయలకైనా నేను డ్రైవ్ చేయాల్సిందే. సిటిజన్‌షిప్ వచ్చిన ఏడాది చలికాలంలో డ్రైవ్‌వేలో మంచు మీద జారి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయింది, ఫిజియోథెరపీ అయింది, చేతికర్రతో నడక వచ్చింది. సరిగ్గా అప్పుడే, ఎప్పుడో పేరు రాయించుకున్న పెద్దవాళ్ళ అపార్ట్‌మెంట్ నుంచి ఫోనొచ్చింది. డౌన్‌టౌన్‌లో, మార్కెట్‌కీ లైబ్రరీకీ నడిచి వెళ్ళేంత దగ్గర్లో, ఒంటిగది ఇల్లు. నెలాఖరులోగా చెప్పమన్నారు.

నేను వద్దన్నాను. లెక్కలు వేసి మరీ వద్దన్నాను. ఒంటరిగా ఉంటే పడే అవకాశం ఎంత, పడితే ఎవరైనా చూసేసరికి ఎంతసేపు పడుతుంది, స్నానాల గది గడప, మంచు పడే నెలలు, ఒక్కోదానికీ ఒక అంకె వేసి ఆమె ముందు పెట్టాను. ఆమె అంతా విని, కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"ఇందులో నేను పడకుండా ఉండే అవకాశం ఏదే?"

"అది మిగిలింది అమ్మా. వందలోంచి తీసేస్తే వచ్చేది."

"మరి దానికో గడి గియ్యలేదేం?"

పక్కనున్న నిత్య, "షీ హాజ్ ఎ పాయింట్, అమ్మా" అంది. నిత్యకి అప్పుడు పదిహేనేళ్ళు, అమ్మమ్మ ఏమన్నా పాయింటే.

రెండు రోజుల తర్వాత అమ్మ నిత్య ట్యాబ్ పట్టుకుని పైకి వచ్చింది. తెర మీద వెనిస్. సన్నటి కాలవలు, ఇళ్ళ గుమ్మాల దాకా నీళ్ళు, నిలబడి తెడ్డు వేస్తున్న మనిషి. "ఇక్కడికి తీసుకెళ్ళు" అంది. "ఈ ఊళ్ళో కార్లు లేవంట. నువ్వు డ్రైవ్ చెయ్యడానికి వీల్లేదు. ఇద్దరం నడవాలి, లేకపోతే పడవెక్కాలి. అక్కడ నా కాళ్ళ మీద నేను తిరగలేకపోతే నీ మాటే, బేస్‌మెంట్‌లోనే ఉంటా. తిరిగితే నా మాట." నేను ఒప్పుకున్నాను. నిజం చెప్పాలంటే గెలుస్తాననే ఒప్పుకున్నాను. ఆ ఊళ్ళో వంతెనలు వందల్లో ఉంటాయని, ప్రతి వంతెనకీ మెట్లుంటాయని నేనప్పటికే చదివేశాను.

ఆ వంతెనల మీద అమ్మ నా చెయ్యి పట్టుకోలేదు. మధ్యలో ఆయాసం వచ్చినప్పుడు ఆగి, కింద కాలవకేసి చూస్తూ ఏదో ఒకటి చెప్పేది. "చూడు, ఆ గోడ మీద నాచు గీత ఎక్కడుందో. ఇప్పుడు ఆటు. సాయంత్రానికి పోటొస్తుంది, ఆ కింది మెట్టు కనపడదు." నిజంగానే సాయంత్రం ఆ మెట్టు మునిగిపోయింది. ఊపిరి అందాక మళ్ళీ ఎక్కేది. నేను ఆమె వెనక ఒక మెట్టు కిందగా, పడితే పట్టుకోవడానికి రెండు చేతులూ కాస్త చాపి నడిచేదాన్ని. రెండో రోజు వెనక్కి తిరిగి చూసి, "ఏంటే ఆ నడక? కోడిని పట్టుకోబోతున్నట్టు" అంది.

దారి చూపించే పని నాది. ఇంటి నంబర్లుంటే చాలు, ఎక్కడికైనా వెళ్ళగలనని నా ధీమా. కాని ఆ ఊళ్ళో నంబర్లు వీధి ప్రకారం ఉండవు. ఒక పేట మొత్తానికి ఒకే వరస, వేల దాకా పోతుంది, సందులు మలుపు తిరిగినట్టల్లా అదీ తిరుగుతుంది. నేను నంబర్లు చూసుకుంటూ వెళ్ళి ఒక నీళ్ళ గట్టు దగ్గర తేలాను. ఎదురుగా కాలవ, మేం అద్దెకి దిగిన ఇల్లు అవతలి గట్టున. అమ్మ నన్ను తప్పుపట్టలేదు. అటుగా కూరల సంచీతో పోతున్న ఒక పెద్దావిడకి తాళంచెవికి ఉన్న చిరునామా చీటీ చూపించి, తెలుగులోనే, "అమ్మా, ఇదెటు?" అంది. ఆవిడ ఇటాలియన్‌లో ఏదో చెబుతూ మమ్మల్ని వంతెన దాకా తీసుకెళ్ళి వదిలింది. ఇద్దరూ దారి పొడుగునా మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఏం మాట్లాడుకున్నారని అడిగితే, "మోకాళ్ళ గురించి" అంది అమ్మ.

అసలు సంగతి నాలుగో రోజు జరిగింది. పెద్ద కాలవ మీద నీటి బస్సు కోసం తేలే రేవు మీద నిలబడ్డాం. బస్సు వచ్చింది, తాడు బిగిసింది, జనం తోసుకున్నారు. అమ్మ ముందు ఎక్కింది. నాకూ ఆమెకీ మధ్య పెద్ద పెద్ద సూట్‌కేసులతో ఒక గుంపు అడ్డం పడింది. నేను గొంతెత్తి పిలిచేలోగా పడవ మనిషి గేటు మూసేశాడు. అమ్మ వెనక్కి తిరిగి చూసేసరికి మా మధ్య నీళ్ళున్నాయి. ఇద్దరి ఫోన్లూ నా సంచిలోనే ఉన్నాయి. జాగ్రత్త కోసం నేనే ఆమెది కూడా తీసుకున్నాను. ఆమె దగ్గరున్నవల్లా చేతికర్ర, పొద్దున నాతో వాదించి తన పర్సులోనే పెట్టుకున్న టికెట్.

నా తలలో అంకెలు గిర్రున తిరిగాయి. తర్వాతి రేవులో ఆమె దిగి నిలబడి ఉంటుంది, ఇంకెక్కడికి వెళ్తుంది? భాష రాదు, తుంటి బాగోలేదు. తప్పిపోయినవాళ్ళు కదలకూడదని చెప్పింది ఆమే గదా. కాబట్టి వెతకాల్సింది నేను. తర్వాతి బస్సు రాగానే ఎక్కేశాను. కాలవ మలుపులో ఎదురుగా ఇంకో బస్సు వస్తోంది. దాని అంచున, జనానికి ముందు, అమ్మ. అప్పటికే దిగి, నాకోసం తిరుగు బస్సు ఎక్కేసింది.

రెండు బస్సులూ దగ్గరదగ్గరగా, ఒకదాన్ని ఒకటి దాటుకుంటూ పోయాయి. అమ్మ నన్ను చూసింది. ఎడమచేతిలో కర్ర పట్టుకుని కుడి అరచెయ్యి నాకేసి ఎత్తి చూపించింది. ఆగు, కదలకు, నేనొస్తా. అదే క్షణంలో నేనూ నా అరచెయ్యి ఎత్తి ఆమెకి అదే చూపిస్తున్నాను. అలా ఒకరికొకరం ఆగమని చెప్పుకుంటూ చెరోవైపూ వెళ్ళిపోయాం.

నేను తర్వాతి రేవులో దిగాను. తిరుగు బస్సు ఎదురుగానే ఉంది. ఎక్కడానికి ఒక కాలు ముందుకు వేశాను కూడా. ఇప్పుడు నేను వెనక్కి వెళ్తే, ఆమె ముందుకి వస్తే, మళ్ళీ కాలవ మధ్యలో దాటుకుపోతాం. ఇద్దరిలో ఒకరు నిలబడాలి. ఆమె నిలబడుతుందా? ఆ అరచెయ్యి చూశాక నాకు అనుమానం లేదు, నిలబడదు. ఆమె దృష్టిలో నేను గాజుల దుకాణం దగ్గర ఆగిపోయిన పిల్లనే. మరి నేను నిలబడితే? అక్కడ దిగి, రేవు మీద ఏ బస్సు ఎటు పోతుందో ఆమే చూసుకుని, ఈ వైపు వచ్చేదాన్ని ఎంచుకుని, ఈ తోపులాటలో ఒక్కతే ఎక్కి రాగలదని నేను నమ్మాలి. నమ్మకపోతే ఇద్దరం సాయంత్రం దాకా ఈ కాలవ మీద అటూ ఇటూ తిరుగుతాం. నేను వేసిన కాలు వెనక్కి తీసుకున్నాను. బస్సు వెళ్ళిపోయింది. నా జీవితంలో అంత కష్టమైన పని చాలా తక్కువ చేశాను.

ఒక బస్సు వచ్చింది, అందులో లేదు. ఇంకోటి వచ్చింది. అంచున, అందరికంటే ముందు, కర్ర పట్టుకుని అమ్మ. జుట్టంతా గాలికి రేగిపోయింది, పమిట నడుముకి దోపుకుంది. తాడు కిర్రుమని బిగిసింది. పడవ మనిషి ఆమెకి చెయ్యి అందించాడు. ఆమె ఆ చేతిలో కర్ర పెట్టి, తనంతట తను అడుగు వేసి దిగి, కర్ర మళ్ళీ తీసుకుంది. అతను నవ్వాడు.

"ఎందుకు కదిలావు?" అంది నాతో, ఇంకా రేవు దాటకుండానే.

"నువ్వెందుకు కదిలావమ్మా? తప్పిపోయింది నువ్వు గదా."

"నేనా? నేను వెళ్ళాల్సిన బస్సు ఎక్కా, వెళ్ళాల్సిన వైపే వెళ్ళా. రేవులో మిగిలిపోయింది నువ్వు. తప్పిపోయింది నువ్వే."

  ఏడుపు వచ్చి, దాని వెనకే నవ్వు వచ్చింది. ఆమె సంతలోలాగే పమిట చెంగుతో నా మొహం తుడిచింది. అందుకోసం ఈసారి మోకాళ్ళ మీద కూర్చోనక్కర్లేదు, ఆమె నాకంటే పొట్టి, మడమలెత్తితే సరిపోయింది. "రెండోసారికైనా నిలబడ్డావు. బాగుపడ్డావు" అంది.

దగ్గర్లో ఒక చిన్న మైదానంలాంటి చోట బల్ల మీద కూర్చున్నాం. ఐస్‌క్రీమ్ తనకి రెండు రకాలు కావాలంది, కొనిచ్చాను. ఆమె తింటుండగా నేను చెప్పాను. "సరే అమ్మా. వెళ్ళగానే ఆ అపార్ట్‌మెంట్ వాళ్ళకి సరేనని ఫోన్ చేద్దాం."

"ఎప్పుడో చేశా."

"ఎప్పుడు?"

"బయల్దేరేముందే. నిత్య కలిపి ఇచ్చింది."

"మరి ఈ పందెం ఎందుకు? ఇంత దూరం ఎందుకు వచ్చాం?"

అమ్మ నాకేసి, ఆపైన ఐస్‌క్రీమ్‌కేసి చూసింది. "నేను వెళ్ళిపోతే నువ్వు రోజూ గాబరా పడతావు. అంకెలు వేసుకుంటూ కూర్చుంటావు. నీకోసారి చూపిస్తే పోతుంది గదా అని." ఇంకో చెంచా తిని, "పైగా ఊరు బావుంది" అంది.

ఆ ఎండలో అలా కూర్చున్నప్పుడు నేను ఓడిపోయాననిపించలేదు. ఎదురుగా వంతెన మీద జనం ఎక్కుతూ దిగుతూ ఉన్నారు. తిరిగి వెళ్ళేటప్పుడు అమ్మ ఆ వంతెన ముందు ఎక్కింది. నేను పక్కన నడిచాను, చేతులు జేబుల్లో పెట్టుకుని.

ఆ నెలాఖరులోనే అమ్మ డౌన్‌టౌన్ అపార్ట్‌మెంట్‌కి మారిపోయింది. సామాన్లు సర్దాక, అలవాటు కొద్దీ, "అమ్మా, ఒక తాళంచెవి నా దగ్గరుంచుకుంటా" అన్నాను. ఆమె ఆలోచించి ఇచ్చింది గాని ఒక షరతు పెట్టింది. "ప్రమాదమైతేనే వాడు. మామూలుగా వస్తే కింద బజర్ నొక్కు. ఎవరని అడుగుతా. నువ్వు చెప్పు. నేను తీస్తా."

మొదటి శనివారం కింద నిలబడి బజర్ నొక్కాను. స్పీకర్‌లోంచి, "ఎవరూ?" అని వచ్చింది. ఆ గొంతులో నేను అంతకుముందెప్పుడూ వినని ఒక దర్జా ఉంది. తన ఇంటి తలుపు తను తీయబోయే మనిషి గొంతు అది. "నేనమ్మా" అన్నాను. "నేనంటే?" అంది. నేనెవరో ఆమెకి బాగా తెలుసు. అయినా పేరు చెప్పించుకుని గాని తలుపు తీయలేదు. లోపలికి వెళ్తే కొత్త పప్పు గిన్నెలో పులుసు పెట్టింది, పక్కింటి ఆంటీని కూడా భోజనానికి పిలిచింది. ఆ ఇంట్లో ఆమె ఐదు చలికాలాలు గడిపింది. ఒక్కసారి కూడా పడలేదు. చివరికి నిద్రలో, తన మంచం మీదే వెళ్ళిపోయింది. ఆ తాళంచెవి నేను వాడింది ఆ ఒక్కరోజే.

ఇప్పుడు నిత్య ఇక్కడికి దగ్గర్లోని గ్వెల్ఫ్ అనే ఊళ్ళో చదువుకుంటూ ఇద్దరు స్నేహితురాళ్ళతో ఇల్లు అద్దెకి తీసుకుని ఉంటోంది. అక్కడికి వెళ్ళినప్పుడల్లా తలుపు చాలాసార్లు తాళం వేయకుండానే ఉంటుంది, తోస్తే తెరుచుకుంటుంది. నేను తోయను. ముందు ఫోన్ చేస్తాను, తర్వాత బెల్ నొక్కుతాను, చేతిలో కూర డబ్బాలు ఎంత బరువున్నా గుమ్మం బయటే నిలబడతాను. లోపల్నించి అడుగుల చప్పుడు వస్తుంది. నేను ఎదురుచూస్తాను. నిత్యే వచ్చి తీస్తుంది.