రవూఫ్ గారి నలభై ఒకటో చెట్టు

కనిపించిన ప్రతి చెక్కకీ పుట్టిన ఊరు ఆరా తీయడం అబ్దుల్ రవూఫ్ గారి జబ్బు. కూతురు సబీహాకు కుదిరిన సంబంధంవాళ్ల ఇల్లు చూడ్డానికి వెళ్లి, వాళ్లు వేసిన కుర్చీని తలకిందులు చేశారు.

“ఈ టేకు ఎక్కడిదండీ?”

“షాపులో కొన్నామండీ.”

“షాపులో చెట్లు మొలవవు కదండీ!”

ఆ పూట ఆయన భార్య షాహీదాకు బిర్యానీ గొంతు దిగలేదు.

ఆటోనగర్‌లో వాళ్లది లారీలకు చెక్క బాడీలు కట్టే షెడ్డు. చీటీ లేని దుంగ గేటు దాటడానికి వీల్లేదు. ఎవరి పొలం గట్టు, ఎవరు కొట్టారు, బదులుగా ఏ మొక్క నాటారు, అన్నీ రాయాలి. ఓసారి బసవపున్నయ్య అనే రైతు లోడు తెచ్చి, నాటిన మొక్క పేరు మరిచిపోయాడు. చూసి రమ్మని లోడుతో సహా చల్లపల్లి తిప్పి పంపారు. ఆ రెండు రోజులూ ఆరుగురు వడ్రంగులు క్యారమ్స్ ఆడుకున్నారు. ఆ బోర్డు చెక్క ఎక్కడిదని వాళ్లనీ వదల్లేదు.

“యా అల్లా, ఈ మనిషితో నేను వేగలేను!” అని షాహీదా తల పట్టుకునేది.

2004 నాటికి ఇనుప బాడీలొచ్చి షెడ్డు మూసే పరిస్థితి వచ్చింది. అంతలో మద్రాసు ఎగుమతిదారు ఒకాయన చెక్క ట్రేలకు ఆర్డరిస్తానన్నాడు. అయితే ఏ అడవినీ పాడుచేసి తెచ్చిన కలప కాదని సర్టిఫికెట్ కావాలన్నాడు. చీటీల పిచ్చి ఇన్నాళ్లకు అక్కరకొచ్చిందని షాహీదా పొంగిపోయింది.

సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ నుంచి తనిఖీకి వచ్చిన వెంకటకృష్ణారావు గారు చీటీలన్నీ తిరగేసి మెచ్చుకుని, ఒకదాని దగ్గర ఆగిపోయారు.

“నలభై ఒకటో చెట్టు, నిద్రగన్నేరు, హనుమాన్ జంక్షన్. తొంభై ఎనిమిదిలో కొన్నారు. కలప ఏదండీ?”

రవూఫ్ గారు మిగతా చీటీలు సర్దడం మొదలెట్టారు.

“చెప్పండి! ఆరుగురు వడ్రంగుల కుటుంబాలండీ!” అంది షాహీదా.

“అక్కడే ఉంది,” అన్నారాయన నసుగుతూ.

“చూడందే సంతకం పెట్టనండీ,” అన్నారు వెంకటకృష్ణారావు గారు.

ముగ్గురూ జీపులో వెళ్లారు. చెట్టు నిలబడే ఉంది. కింద తెరేసమ్మ అనే ఆవిడ ఇడ్లీ బండి, చుట్టూ లారీ డ్రైవర్లు.

“రండి సాయిబుగారూ!” అంది తెరేసమ్మ. “మా మరిది చెట్టు అమ్మేస్తే నా బండికి నీడ పోయిందనుకున్నానండీ. ఈయనేమో ఏటా వస్తారు, చుట్టూ తిరిగి ‘ఇంకా ముదరలేదమ్మా’ అంటారు, నాలుగిడ్లీలు తినేసి పోతారు.”

ఇద్దరు చేతులు కలిపినా అందని మాను అది. షాహీదా మొగుడి వంక చూసింది. పుల్లముక్క విషయంలో కూడా అబద్ధం ఒప్పుకోని మనిషి ఆరేళ్లుగా కళ్లార్పకుండా ఇది చెబుతున్నాడు. తిట్టాలనుకుంది కానీ ముద్దొచ్చాడు.

వెంకటకృష్ణారావు గారు తలెత్తి చెట్టంతా చూశారు. “ఇది ముదరలేదా అండీ?”

రవూఫ్ గారు చెప్పుల వంక చూసుకున్నారు. షాహీదా ఒక ఇడ్లీ ప్లేటు తెచ్చి తనిఖీ ఆయన చేతిలో పెట్టింది.

“లేదండీ. ఇంకా లేతే. అలాగే రాసుకోండి.”

ఆయన ‘చెట్టు ఉంది’ అని రాసి, ఆ నీడలోనే సంతకం పెట్టి, ఇంకో వాయి ఎప్పుడు దిగుతుందని తెరేసమ్మను అడిగారు.