నాయన చొక్కాతో రాయకోట ఎండలోకి

ఫిబ్రవరి రెండో ఆదివారం. నేను లేచేసరికి అక్క కిటికీ దగ్గర నిలబడి, తనకోసం నేను హోసూరు బజారులో కొన్న తెల్లని కుర్తాను వెలుతురుకు ఎత్తి చూస్తోంది. గుడ్డలోంచి ఎదురింటి నీళ్ళ ట్యాంకు స్పష్టంగా కనబడుతోంది. "ట్యాంకు నాకు కనబడతా ఉంటే, ఎండకు నేను కనబడనా?" అంది. తెలుపైతే చాలనుకున్న నాకు ఈ రోజు మొదటి ఆశ్చర్యం అదే.

ఎండ తగిలిన కొన్ని గంటలకే అక్కకు ఎర్రటి దద్దుర్లు లేస్తాయి. ఏడాదిగా తను పొద్దు గూకాకే గడప దాటుతోంది. ఇప్పుడు రాయకోట దగ్గర ఒక పూలతోటలో ఉద్యోగం వచ్చింది. రోజూ ఆరుబయట తిరగాల్సిన పని, తను చేరుతుందో లేదో సోమవారం పొద్దున చెప్పాలి. ఒళ్ళు బాగా కప్పుకుని కొద్దికొద్దిగా ఎండ అలవాటు చేసుకోమని డాక్టరు చెప్పారు. అందుకే రాయకోట కొండ మీది పాత కోట ఎక్కి రావడానికి ఈ ప్రయాణం.

అక్క బీరువాలోంచి నాయన ముదురు నీలం ఫుల్ చొక్కా తీసింది. ఒత్తైన నేత, గాలి ఆడేంత వదులు. చెమటకు తడిసిన గుడ్డ ఎండను అంతగా ఆపదని ఇంకో చొక్కా సంచిలో పెట్టుకుంది. ముఖానికీ చేతులకూ క్రీము రాసుకుని, వెడల్పు అంచు టోపీ పెట్టుకుని అద్దంలో చూసుకుంది.

"లారీ డ్రైవరు మాదిరి ఉండానా?"

"లేదు, లారీ ఓనరు మాదిరి ఉండావు."

ఎనిమిది గంటల బస్సెక్కాం. రాయకోటకు గంటకు పైగా పడుతుంది, ఛార్జీ యాభై రూపాయల లోపే. మేము ఎడమవైపు కూర్చోబోతుంటే కండక్టరు ఆపాడు. "ఆడ ఎండమ్మా, ఈ పక్క రాండి. సాయంత్రం వచ్చేటప్పుడూ కుడి పక్కే చూసుకోండి." కిటికీ అవతల మంచు ఇంకా పొలాల మీద నిద్రపోతోంది. నీరెండ అన్న మాట నాకు ఈమధ్యే పరిచయమైంది. దాన్ని పైకి అనకుండా నోట్లోనే చప్పరిస్తూ కూర్చున్నాను.

కొండ కింద టమాటా తోటలో నలుగురు ఆడవాళ్ళు కాయలు కోస్తున్నారు. అందరూ చీరల మీద మగవాళ్ళ ఫుల్ చొక్కాలు తొడుక్కున్నారు. ఒకామె అక్కను చూసి నడుం ఎత్తింది.

"ఏమమ్మా, నువ్వూ మొగుని చొక్కా ఏసుకోనొచ్చినావా?"

"మా నాయనదమ్మా."

"ఐతే బాగుపడినావు పో! మొగునిదైతే సాయంత్రానికి యాడ పెట్టినావే అని అరుస్తాడు."

తోటంతా నవ్వింది. పొద్దుటినుంచీ టోపీ అంచు కిందికి లాక్కుంటున్న అక్క, దాన్ని పైకి జరిపి తనూ నవ్వింది.

ఎక్కడానికి గంట పట్టింది. నీళ్ళు కిందే కొనుక్కోవాలి, పైన ఏమీ దొరకవు. కోటగోడ దగ్గర గాలి అక్క చొక్కాను తెరచాపలా నింపింది. దిగువన మడులు, రైలు పట్టాలు, దూరంగా నీలంలోకి కరిగిపోతున్న గుట్టలు. "పగలు ఇంత దూరం ఉంటుందని మరిచేపోయినాను," అంది అక్క. మధ్యాహ్నం ముదరకముందే దిగిపోయాం.

సాయంత్రం ఇంట్లో కాళ్ళు కడుక్కుంటూ అక్క నన్ను కేకేసింది. రెండు పాదాల మీదా ఎర్రటి దద్దుర్లు! చెప్పుల పట్టీలు ఉన్నచోట మాత్రం చర్మం మామూలుగా ఉంది. పాదాల సంగతి ఇద్దరికీ తట్టనేలేదు. ఇక ఉద్యోగం పోయినట్టే అనుకున్నాను. అక్క నిదానంగా చొక్కా చేతులు పైకి మడిచింది. ఏమీ లేదు. మెడ మీదా లేదు.

"ఏడుపు మొగం పెట్టొద్దు. ఎండ ఒట్టి ఎండ కాదు, కాళ్ళ మీద చూడు ఎట్ల కొట్టిందో! చొక్కా ఉన్న తావుకు మాత్రం రాలేకపోయింది."

ఆ దద్దుర్లను నేను ఓటమి అనుకున్నాను, అక్క వాటిలోనే సాక్ష్యం చూసింది. ఎండకు భయపడటం వేరు, ఎండతో మర్యాదగా మెలగడం వేరని నాకు తోచింది. ఇలాంటి ప్రయాణం పెట్టుకున్నవాళ్ళకు ఒక్క సలహా: బయల్దేరే ముందు పూర్తిగా తయారై వెలుతురులో నిలబడి, నెత్తి నుంచి కాలివేళ్ళ దాకా ఎక్కడ చర్మం కనబడుతోందో ఇంకొకరిని చూడమనండి.

రేపు పొద్దున చేతులూ మెడా మళ్ళీ ఒకసారి చూసుకుని, కొత్తగా ఏమీ లేవకపోతే వస్తానని అక్క తోటకు ఫోన్ చేస్తుంది. ఆలోగా నేను వీధి చివరి అంగడి తెరిపించి మందమైన మేజోళ్ళు తేవాలి.