ఒంటిపొర కానుకలు

జైలు బయటి గేటు పక్కన, ములాఖత్‌కు వచ్చే ఆడవాళ్ళనూ పిల్లలనూ సోదా చేసే గది ఒకటుంది. ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకు మేకు, మేకుకు ఓ పెద్ద కత్తెర. ఆ గదిలో ఏళ్ళ తరబడి పనిచేస్తున్న వార్డరుకు ఆ కత్తెర వల్లే పేరొచ్చింది. అసలు పేరు జీతాల రోజున తప్ప ఎవరికీ అక్కర్లేదు. పెద్దవాళ్ళు మేడమ్ అనేవారు. పిల్లలు కత్తెరమ్మ అనేవారు. మొదట చాటుగా, తర్వాత మొహం మీదే.

పేరు వినడానికి ముద్దుగానే ఉంటుంది. పనే ముద్దుగా ఉండదు. ఏడాది చివర సెలవుల వారంలో, లోపలున్న అమ్మకో నాన్నకో పిల్లలు తమ చేత్తో చేసిన వస్తువు ఒకటి తెచ్చి ఇవ్వొచ్చు. కొన్నవి కుదరవు, తినేవి కుదరవు. ఆ జైలు చూపించే దయ అదొక్కటే. ఆ దయకూ ఒక తోక ఉంది. కుట్టినది ఏదైనా విప్పి చూడాలి, అంటించినది ఏదైనా ఊడదీసి చూడాలి, లోపల ఏమైనా కూరి ఉంటే మొత్తం బయటికి లాగి చూడాలి.

అందుకని పాత మేజోడులో దూది కూరి చేసిన ఏనుగుకు ఆమె పొట్ట కోసేది. అట్టముక్కలతో కట్టిన ఇంటికి కప్పు ఎత్తేసేది. బొత్తాలు అంటించిన ఫోటో చట్రం నుంచి బొత్తాలన్నీ పీకేది. ఇదంతా బల్లకు అటువైపు గడ్డం ఆనించి చూస్తున్న పిల్లల కళ్ళ ముందే. ఒకసారి వాతావరణం తేలిక చేద్దామని, "ఏనుక్కి కడుపునొప్పిరా, ఆపరేషన్ చేస్తున్నా" అంది.

"మరి మళ్ళీ కుట్టవా?" అన్నాడు ఆ ఏనుగుగలవాడు.

ఆ గదిలోకి సూది తేవడానికి వీల్లేదు. ఏనుగు పొట్టలోంచి దూది వేలాడుతుండగానే లోపలికి వెళ్ళింది.

ఆ సాయంత్రం ఆమె అన్నం సగంలో వదిలేసి చెయ్యి కడుక్కుంది. ఇంట్లో ఉండేది తనూ, కుట్టుమిషన్ మీద బతికే అక్కా. అక్క సంగతంతా విని, నోట్లో దారం తడిపి సూదిలోకి ఎక్కించుకుంటూ అంది: "రెండు పొరలుంటేనే గదే మధ్యలో ఏదన్నా దాచేది? ఒంటిపొరతో చేయించు. విప్పడానికేం ఉంటుంది?"

అక్కడ మొదలైంది. మరుసటి ఏడాది సెలవులు ఇంకా రెండు నెలలుండగానే, కత్తెరమ్మ తన భోజన విరామంలో వెయిటింగ్ షెడ్డులోకి వెళ్ళి పిల్లల మధ్య కూర్చోసాగింది. అక్క మిషన్ కింద రాలిన తెల్లగుడ్డ ముక్కలు, మొన లేని ప్లాస్టిక్ సూదులు, రంగు దారాలు సంచీలో వేసుకుని వెళ్ళేది. రుమాలుకు అంచు మడిచి కుట్టకుండా, దారాలు ఒక్కొక్కటే లాగేసి కుచ్చులు దింపడం నేర్పింది. కాగితం పట్టీలను జిగురు లేకుండా చాపలా అల్లడం, మూడు దారాలతో జడ వేసి చేతికి కట్టుకునే పట్టీ చేయడం నేర్పింది. "వెలుతురుకి ఎత్తితే అవతలివాడి మొహం కనపడాలి. అప్పుడే అది లోపలికెళ్ళే కానుక" అని చెప్పేది. పిల్లలు గుడ్డముక్కలు ఎత్తి ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకునేవారు. ఆ సెలవుల వారం కత్తెర మేకు మీదినుంచి దిగలేదు. ఆ తర్వాతి రెండేళ్ళూ అంతే. ఆ రోజుల్లో ఆమె డ్యూటీకి కాస్త ముందే వచ్చేది.

పిల్లల్లో గువ్వ అని ఒకర్తె ఉంది. చంకలో ఉన్నప్పటినుంచీ నాయనమ్మతో వస్తోంది. తండ్రి లారీ డ్రైవరు. ఒక గొడవలో పడిన దెబ్బకు అవతలి మనిషి ప్రాణం పోయింది, ఇతను లోపలికొచ్చాడు. తల్లి వేరే మనువు చేసుకుంది. ఒంటిపొర కానుకల నాలుగో ఏటికి గువ్వకు ఎనిమిదేళ్ళు. రుమాలు మీద తండ్రి లారీ కుడతానని పట్టుబట్టింది. చక్రాలు ఒకటి చిన్నది, ఒకటి పెద్దది వచ్చాయి. విప్పింది, మళ్ళీ కుట్టింది, మళ్ళీ విప్పింది. "పర్లేదే, గుంతల రోడ్డులో అట్టాగే కనపడుద్ది" అని నాయనమ్మ అంటే ఒప్పుకోలేదు.

సెలవులు ఇంకా మొదలుకాక ముందు ఒక పొద్దున లోపలి బ్యారక్‌లో, మీసం కూడా సరిగా రాని ఖైదీ ఒకడు నురగలు కక్కుతూ పడిపోయాడు. ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఆరా తీస్తే, ఎవరో మత్తుమందు కలిపిన నీళ్ళలో నానబెట్టి ఆరబెట్టిన గుడ్డను ముక్కలు చేసి, టీలో ముంచుకు తాగుతున్నారని తేలింది. అది ఒక రుమాలు. దాని మీద ఎర్రదారంతో పువ్వు ఉంది. కిందటి నెల బాబాయి వెంట వచ్చిన ఓ పసిపిల్ల తెచ్చింది. లోపలున్న తండ్రి పుట్టినరోజుకని ప్రత్యేకంగా అనుమతి అడిగితే ఇచ్చారు. పువ్వు ఆ పిల్లే కుట్టింది. ముంచింది బాబాయి. దాన్ని వెలుతురుకి ఎత్తి చూసి, ఒంటిపొరే కదా అని లోపలికి పంపింది కత్తెరమ్మ.

జైలర్ పిలిపించాడు. కేకలు వేయలేదు. కేకలు వేసినా బాగుండునని ఆమెకు తర్వాత అనిపించింది.

"మీ తప్పని నేననటం లేదు. రూలు ప్రకారమే చూశారు. కానీ ఇకనుంచి చేత్తో చేసినవేవీ లోపలికి వెళ్ళవు."

"పిల్లలు రెండు నెలలుగా చేసుకుంటున్నారు సార్. వేడినీళ్ళలో నేనే ఉతికి పంపిస్తాను."

"ఉతికితే మొత్తం పోతుందని మీరు చెప్పగలరా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఆ కుర్రాడి తల్లి నిన్న వచ్చి ఈ కుర్చీలోనే కూర్చుంది" అన్నాడాయన. "వాడింకా కళ్ళు తెరవలేదు. ఆమెకి ఏం సమాధానం చెప్పమంటారు?"

ఆయన మాటలో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. ఆమెను కుంగదీసింది అదే. ఇంటికెళ్ళి అక్కతో చెబితే, అక్క చక్రం మీద చెయ్యి పెట్టి మిషన్ ఆపేసింది. "నేనే చెప్పాగా ఒంటిపొరని" అంది. "నువ్వేం చేస్తావులే అక్కా" అంది చెల్లెలు.

సెలవుల మొదటి రోజున గేటు ముందు వరుస పొడుగ్గా ఉంది. అప్పటికే తలుపు మీద నోటీసు అంటించారు గానీ పిల్లలు తలుపులు చదవరు. ఒక్కొక్కరికీ ఆమే చెప్పాల్సి వచ్చింది. కొందరు ఏడ్చారు. కొందరు తల్లుల వైపు చూశారు. ఒక తల్లి, "నేర్పిందీ నువ్వే, వద్దనేదీ నువ్వేనా?" అని అడిగేసి వెళ్ళింది. అడకత్తెరలో పోకచెక్క అని జనం అంటుంటారు. ఆ రోజు కత్తెరమ్మకు అందులో ఊపిరాడలేదు.

గువ్వ వంతు వచ్చింది. రుమాలును రెండు చేతులా పట్టుకుని, అడగకముందే వెలుతురుకి ఎత్తింది. ఈసారి చక్రాలు రెండూ సమానంగా ఉన్నాయి.

"ఈ ఏడు లోపలికి పంపకూడదన్నారమ్మా."

"ఒంటిపొరే. చూడు, నీ మొహం కనపడుతోంది."

"కనపడుతోందిలే. నువ్వు బాగానే చేశావు. అయినా కుదరదు."

గువ్వ గోడ వైపు వేలు చూపించింది. "పోనీ కత్తెరతో కోసి చూడు. ముక్కలైనా పర్లేదు. నాన్న పక్కపక్కన పెట్టుకుంటాడు."

నాయనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మేడమ్, నా కొడుక్కి ఇంకా ఆరేళ్ళుంది. అప్పటికి ఇది పెద్దదైపోద్ది. ఒక్క గుడ్డముక్కమ్మా."

గదిలో వాళ్ళు ముగ్గురే ఉన్నారు. సోదా చేసేది తనే. పిల్ల చొక్కా చేతిమడతలోకి ఆ రుమాలు దోపేస్తే చూసేవాళ్ళు లేరు. కత్తెరమ్మ చెయ్యి రుమాలు దాకా వెళ్ళింది కూడా. దాన్ని వేళ్ళ మధ్య నలిపి చూసింది. ఉత్త గుడ్డ, దారం. ఆ ఎర్రపువ్వు రుమాలూ చేతికి ఇలాగే తగిలింది. ఇన్నేళ్ళుగా నమ్ముకున్న వేళ్ళు ఇక ఏదీ చెప్పలేవని ఆమెకు అర్థమైంది. రుమాలు బల్ల మీద పెట్టి, "వచ్చేటప్పుడు తీసుకెళ్ళండి పెద్దమ్మా" అంది.

ఆ విడత సోదా అయ్యాక ఆమె గది తలుపు మూసి, ములాఖత్ హాలు గుమ్మం దాకా వెళ్ళి నిలబడింది. ఎప్పుడూ వెళ్ళేది కాదు. రెండు ఇనుప వలల మధ్య మనిషి పట్టేంత ఖాళీ. ఇటు ఆడవాళ్ళూ పిల్లలూ, అటు ఖైదీలు, అందరూ ఒకేసారి అరుస్తున్నారు. గువ్వ వలను పట్టుకుని గాలిలో వేలితో లారీ గీస్తోంది. ఇక్కడ తలుపు, ఇక్కడ లైటు, నంబరు కూడా వేశాను అంటోంది. అటువైపు తండ్రికి ఒక్క మాటా వినపడటం లేదని అతని మొహం చూస్తేనే తెలుస్తోంది. అయినా ప్రతిదానికీ తల ఊపుతున్నాడు. "బడికెళ్తున్నావా? అన్నం తింటున్నావా?" అని అరుస్తున్నాడు. పిల్ల మళ్ళీ మొదటినుంచి గీసింది. గంట కొట్టారు.

తిరిగి వచ్చేటప్పుడు గువ్వ బల్ల వైపు చూడకుండా వెళ్ళిపోయింది. కత్తెరమ్మ రుమాలు తీసుకుని వెనకాల పరుగెత్తింది. నాయనమ్మ అందుకుని, మందుల చీటీతో పాటు సంచీ అడుగున పడేసింది.

ఆసుపత్రిలో కుర్రాడు బతికాడు. కాని మాట ముద్దగా వస్తుంది, ఎడమ కాలు ఈడుస్తాడు. ఎర్రపువ్వు కుట్టిన పిల్ల మళ్ళీ రాలేదు. ఆ పిల్లను ఎవరెవరు ఏమేం అడిగి ఉంటారో, ఏం చెప్పి ఉంటుందో అని కత్తెరమ్మ అక్కను చాలాసార్లు అడిగింది, అక్కకు తెలుస్తుందన్నట్టు. లోపల ఆడ ఖైదీల వైపు డ్యూటీకి వేయమని జైలర్‌కు దరఖాస్తు పెట్టుకుంది. ఆడ వార్డర్లు తక్కువ, గేటు దగ్గర మరొకరు లేరు అన్నారు. అది కూడా నిజమే.

మరుసటి ఏడాది సెలవుల వారంలో పిల్లలు ఉత్త చేతులతో వచ్చారు. వరుస ఎన్నడూ లేనంత చురుగ్గా కదిలింది. గువ్వ కొంచెం పొడుగైంది. గదిలోకి వచ్చి, ఎవరూ చెప్పకముందే రెండు చేతులూ పైకెత్తి, గోడ వైపు తిరిగి నిలబడింది.