అవతలివాడు అవుననే దాకా

పోయినవారం ఒక కాలేజీవాళ్లు చర్చా పోటీకి న్యాయనిర్ణేతగా రమ్మని కాగితం పంపారు. వెనకవైపు మార్కుల పట్టిక ఉంది. విషయానికి ఇన్ని, ఉచ్చారణకు ఇన్ని, అన్నిటికన్నా కింద ‘ప్రత్యర్థి పట్ల మర్యాద’కు అయిదు. ఆ అయిదూ చూడగానే నాకు ఒళ్లు మండింది. నలభై దాటిన మనిషికి ఇంత కోపం పనికిరాదని మా ఆయన అన్నారు. ఆయనది కింద మైదాన ప్రాంతం, మాది కొండ. చెప్పినా తలకెక్కదు కాబట్టి మీకు చెబుతున్నాను.

తొంభైల్లో మాట. అరకు దగ్గర ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో నేను తొమ్మిదో తరగతి. పార్వతీపురంలో ఒక పెద్ద ప్రైవేటు బడి చర్చా పోటీ పెట్టి, మొట్టమొదటిసారి మా ఏజెన్సీ బడికీ పిలుపు పంపింది. మా హెడ్మాస్టరు ఒక్కరినే పంపుతానన్నాడు. బహుమతి వస్తే ఏటేటా పంపుతాడట, రాకపోతే ఇదే మొదలూ చివరా అట. అసెంబ్లీలో అందరి ముందూ ఆ మాట అన్నాడు. నిజానికి నాకన్నా బాగా మాట్లాడేది ఎనిమిదిలో ఉన్న మా చెల్లెలు, పిన్ని కూతురు. పెద్దదాన్నని నన్ను ఎంచారు. అది వచ్చే ఏడు తన వంతన్న ఆశతో నెలరోజులు నాకు ప్రత్యర్థిగా నిలబడి, నా ప్రతి మాటకూ అడ్డం పడి నన్ను తయారుచేసింది. మా తెలుగు మేష్టారిది కింద మైదానం. ఆయనకి విషయంకన్నా నడవడిక మీదే ధ్యాస. గోక్కోకూడదు, దిక్కులు చూడకూడదు, ఎదుటివాణ్ణి గౌరవిస్తే సగం గెలిచినట్టే అని రోజుకి పదిసార్లు చెప్పేవాడు. ఎలా గౌరవించాలో మాత్రం చెప్పలేదు. అది నాకు తెలిసిందే కదా అని నేనూ అడగలేదు.

మా ఊళ్లో తగువు తీర్చే చోట ఒక పద్ధతి ఉండేది. అవతలివాడికి జవాబివ్వాలంటే ముందు అతని మాటను అతనికన్నా బాగా మనం చెప్పాలి. “ఇదేనా నీ మాట?” అని అడగాలి. అతను అవునన్నాకే మన మాట మొదలు. మా పొలం గట్టు జరిపినవాడి మాటను మా తాత ఎంత అందంగా చెప్పాడంటే, కూర్చున్నవాళ్లలో సగంమంది గట్టు వాడిదే అనుకున్నారు. వాడు అవునన్నాక తాత తన మాట చెప్పి గట్టు వెనక్కి తెచ్చుకున్నాడు. ఎంత గిట్టనివాడైనా అవుననకుండా ఎగ్గొట్టడం నేనెప్పుడూ చూడలేదు.

కిరండోల్ పాసింజరులో టైడా స్టేషను దాటి కిందికి దిగుతున్నంతసేపూ మేష్టారు నాచేత వల్లె వేయించాడు. కొత్తవలసలో బస్సెక్కాం. పార్వతీపురంలో హాలు నిండా టైలు కట్టుకున్న పిల్లలు. అరకుకు పర్యాటకులు రావడం మేలే అన్నది అంశం, కాదనడం నా వంతు. అవునన్నవాడు ఆ బడిలోనే పదో తరగతి కుర్రాడు. బొర్రా గుహల ముందు ఒక ఫోటో దిగి మా సంగతంతా తెలిసినట్టు మాట్లాడాడు. కొండవాళ్లకు శుభ్రం, మాటతీరు పర్యాటకులే నేర్పుతారన్నాడు. హాలంతా చప్పట్లు.

నాకు మూడు నిమిషాలు. లేచి అతని మాటంతా చెప్పాను. రోడ్లు వస్తాయన్నాను, పనులు దొరుకుతాయన్నాను, అతను మరిచిపోయిన ఆసుపత్రిని కూడా నేనే కలిపాను. అతని వైపు తిరిగి, “ఇదేనా అన్నా నువ్వు సెప్పింది?” అని ఆగాను.

అతను ముందు తెల్లబోయాడు. తర్వాత వాడికి అర్థమైంది, తను నోరు విప్పకపోతే నేను ముందుకు కదలనని. చేతులు కట్టుకుని నవ్వుతూ కూర్చున్నాడు. హోటలు కోసం లాక్కున్న మా మేనమామ పసుపు మడి సంగతి నా నాలుక చివర ఉంది. మేష్టారు ముందు వరసలోంచి మాట్లాడమని సైగలు చేస్తున్నాడు. మాట్లాడితే మర్యాద తప్పినదాన్నవుతానని అలాగే నిలబడ్డాను. గంట కొట్టారు. ఈ అమ్మాయి ఎవరి పక్షమో ఎవరైనా కనుక్కోండి అని న్యాయనిర్ణేత మైకులో అంటే హాలు విరగబడి నవ్వింది. వాడికి మొదటి బహుమతి వచ్చింది. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే అడ్డు రాలేదని సత్ప్రవర్తన కప్పు కూడా వాడికే ఇచ్చారు.

“నోరు పడిపోయిందేటే గుంటా?” అన్నాడు మేష్టారు రైల్లో. సంగతి చెప్పాను. ఆ పద్ధతి మీ ఊళ్లోనే వదిలి రావాల్సింది అన్నాడు. మంచివాడే, కాదనను. అయినా ఆ మాట నెలముందు చెప్పనందుకు ఆయన్ని ఈరోజుకీ క్షమించలేదు. హెడ్మాస్టరు అన్నంత పనీ చేశాడు. మా బడి నుంచి మళ్లీ ఎవరూ వెళ్లలేదు. చెల్లెలు రెండేళ్లు నా మొహం చూడలేదు.

రెండువేలు దాటాక, మా ఊరి పక్క రిసార్టు కడతానని ఒకాయన కారులో వచ్చాడు. ఊరంతా కూర్చుంది. ఆయన రోడ్లనీ పనులనీ మొదలుపెట్టగానే చెల్లెలు లేచింది. ఆయన మాట తిరిగి చెప్పలేదు సరికదా, పూర్తిగా చెప్పనివ్వనూ లేదు.

“నీ మాట మాకక్కర్నేదు బాబూ. బేగి బండెక్కు” అంది.

పెద్దలు తల దించుకున్నారు గాని ఒక్కరూ వారించలేదు. ఆయన వెళ్లిపోయాడు, భూమి మిగిలింది. పద్ధతి తప్పావే అని నేను దాని దగ్గరికెళ్లి అంటే నా మొహంలోకి సూటిగా చూసింది.

“నువ్వు తప్పనేదు కదా అప్పా. ఏటొచ్చింది?”

ఆ తర్వాత మా ఊళ్లో అవతలివాడి మాట తిరిగి చెప్పినవాళ్లు లేరు. ఏంచేస్తాం, కాలం మారిపోయిందని మావాళ్లు సరిపెట్టుకుంటారు. కాలం మీదికి నెట్టడం నాకు చేతకాదు. చేతులు కట్టుకుని నవ్విన ఆ కుర్రాడి మొహం నాకింకా గుర్తుంది.