కుట్టు వదిన కొత్త బొటనవేలు

వీధి మొత్తానికి ఆమె కుట్టు వదిన. తన కుట్టు దుకాణం షట్టరు కింద నలిగి కుడిచేతి బొటనవేలు పోతే, డాక్టర్లు ఆమె కాలి బొటనవేలు తీసి చేతికి అతికించారు. అత్తగారు ముక్కున వేలేసుకుంది.

"కొత్త వేలు కదపమ్మా" అని డాక్టరు అడిగితే, మిషను తొక్కే అలవాటు కొద్దీ వదిన కాలు ఆడించింది. వార్డంతా గొల్లున నవ్వింది. వదినకు ఒళ్లు మండింది. పంతం పట్టి నెలల తరబడి ఆ వేలికి పని నేర్పింది.

చివరికి దుకాణం మళ్లీ తెరిచిన రోజు, అందరూ చూస్తుండగా సూదిలోకి ఒక్కసారికే దారం ఎక్కించింది. వీధంతా చప్పట్లు.

అత్తగారు మాత్రం మూతి తిప్పింది. "కాలివేలితో కుట్టిన బట్టలు ఎవరేసుకుంటారే?"

వదిన కత్తెర ఆడిస్తూ నవ్వింది. "ఇన్నేళ్లూ మీరు వేసుకున్నవన్నీ ఈ వేలు తొక్కితే తయారైనవే అత్తయ్యా! ఒక్కటైనా వద్దన్నారా?"